ఫాల్కో విధేయత: హొకుతో నో కెన్‌లో సేనాపతి ధర్మం ఎటువైపు?

ఉత్తరదిక్కు

హొకుతో నో కెన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన చర్చలన్నీ, కథానాయకుడు కెన్‌షిరోకు సోదరుడూ ప్రధాన ప్రత్యర్థీ అయిన రావో మరణం దగ్గరే ఆగిపోతుంటాయి. అందుకు కారణం లేకపోలేదు. బురోన్సోన్ కథతో, తెత్సువో హారా బొమ్మలతో 1983లో షోనెన్ జంప్ వారపత్రికలో మొదలైన ఈ మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ, 136వ అధ్యాయంలో రావో పిడికిలిని ఆకాశానికెత్తి నిలువునా కన్నుమూయడంతో పూర్తయినట్టే అనిపిస్తుంది. 1986 నాటి సినిమా గానీ, 2006 నుంచి 2008 దాకా వచ్చిన అయిదు భాగాల కొత్త వరుస గానీ ఆ గీత దాటలేదు. అందువల్ల ఆ తరువాత వచ్చే స్వర్ణకాంతి ఫాల్కోను చాలామంది ఎరగరు, ఎరిగినవారు కూడా కాలు నరుక్కున్న వీరుడిగా మాత్రమే గుర్తుపెట్టుకున్నారు. అతని గురించి కొంచెం నిదానంగా మాట్లాడుకోవాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ముగింపుతో సహా అన్నీ ప్రస్తావనకు వస్తాయి కనుక, చదవాలనుకుంటున్నవారు ఇక్కడే ఆగడం మంచిది.

నేపథ్యం క్లుప్తంగా ఇది. రావో పోయిన కొన్నేళ్లకు, ఒకప్పుడు కెన్‌షిరో వెంట తిరిగిన పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్లయిన బాట్, లిన్ హొకుతో సైన్యం పేరుతో తిరుగుబాటు నడుపుతుంటారు. వాళ్లు ఎదిరిస్తున్నది తెంతెయ్ పేరిట, అంటే దివ్యచక్రవర్తి పేరిట, రాజధాని నుంచి సాగుతున్న దౌర్జన్యాన్ని. ఆ తెంతెయ్ నిజానికి లూయి అనే అమ్మాయి. ఆమెను రాజప్రాసాదం అడుగున చీకట్లో బంధించి, ఆమె పేరుతో ఏలుతున్నవాడు జకో. తెంతెయ్‌ను కాపాడడమే పుట్టుకతో వచ్చిన బాధ్యతగా గల గెంతో కోకెన్ అనే యుద్ధకళకు వారసుడు ఫాల్కో. రావోకు సమఉజ్జీ అని పేరుపడిన యోధుడే అయినా, ఆమె ప్రాణానికి హాని జరుగుతుందన్న భయంతో జకో చెప్పినట్టల్లా సైన్యాన్ని నడుపుతాడు.

నా ప్రశ్న ఒక్కటే. రావో సేన తెంతెయ్ ఊరి మీదికి వచ్చినప్పుడు యుద్ధం జరగకుండా ఫాల్కో తన కుడి కాలిని తానే నరికి రావో ముందు పెట్టాడు, రావో ఆ మూల్యాన్ని గౌరవించి గుర్రాన్ని వెనక్కి మళ్లించాడు. ఈ ఘట్టాన్ని అందరూ విధేయతకు పరాకాష్ఠగా చెబుతారు. కానీ ఒక్క క్షణపు తెగింపుతో ముగిసిపోయే త్యాగం కంటే, ఆ తరువాత ఒక నీచుడి కొలువులో తలవంచుకుని గడిపిన సంవత్సరాలే అతనికి అసలైన పరీక్ష అని నాకు తోస్తుంది. ఆ పరీక్షలో అతడు నెగ్గాడా?

పాతసంత

ఈ ప్రశ్న చదివిన తెలుగువాడికి భీష్ముడు గుర్తుకు రాకుండా ఉండడు. హస్తినాపుర సింహాసనాన్ని కాపాడతానన్న మాట, ఆ సింహాసనం అధర్మం వైపు ఒరిగాక ఆయన మెడకు గుదిబండ అయింది. నిండు సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకు, ధర్మం సూక్ష్మమైనది అన్న మాట తప్ప ఆ మహావీరుడి నోట వేరే సమాధానం రాలేదు. ఎదురులేని బలం ఉండి కూడా చేతులు కట్టుకుని నిలబడిన సేనాపతి అన్న లెక్కన ఫాల్కో ఆయనకు దగ్గరివాడే.

అయితే ఈ పోలిక ఒకచోట తెగిపోతుంది. భీష్ముణ్ణి ఎవరూ పసిపిల్లను బందీగా చూపి బెదిరించలేదు. ఆయనను కట్టిపడేసింది ఆయన ప్రతిజ్ఞే. ఫాల్కో విషయంలో ప్రతిజ్ఞ ఎవరికి చేశాడో ఆ మనిషే శత్రువు గుప్పిట్లో ఉంది. జకోను చంపడం ఫాల్కోకు చిటికెలో పని, కానీ లూయిని ఎక్కడ దాచారన్న రహస్యం కూడా వాడితోనే పోతుంది. కాబట్టి భీష్ముడిది నోరు విప్పగలిగీ విప్పని మౌనం, ఫాల్కోది గొంతు మీద కత్తి ఉన్నవాడి మౌనం. రెంటినీ ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు.

సున్నపురాయి

పాతసంత గారి మాటలో సానుభూతి ఉంది గానీ, కత్తి ఎవరి గొంతు మీద ఉందో మరొకసారి చూడాలని మనవి.

జకోకు చీకటి అంటే ప్రాణం మీదికి వస్తుంది. ఒకప్పుడు రావో కళ్లలో తన చావును చూసుకున్న భయం వాణ్ణి జీవితాంతం వదలదు, ఉరుము వినబడితే వణికిపోతాడు. అందుకని రాజధాని రాత్రింబగళ్లు వెలుగుతూనే ఉండాలి. లోకమంతా అణుయుద్ధంలో బూడిదైపోయి, గుక్కెడు నీళ్ల కోసం మనుషులు కొట్టుకు చస్తున్న కాలంలో, ఒక పిరికివాడి గదిలో దీపాలు ఆరకుండా ఉండడానికి బానిసలు ఒంట్లో సత్తువ ఉన్నంతవరకు చక్రాలు తిప్పి విద్యుత్తు పుట్టించాలి. ఆ బానిసలను పట్టి తెచ్చే సైన్యం ఎవరిది? ఆ సైన్యాన్ని చూసి ఊళ్లు తిరగబడకుండా ఉన్నది ఎవరి పేరుకు భయపడి? జకో మీద ఎవరికీ గౌరవం లేదు. ఫాల్కో అనే పేరు వెనక ఉండబట్టే వాడి ఆజ్ఞలు చెల్లాయి.

లూయి ప్రాణాన్ని ఒక పక్కన, ఆ చక్రాల దగ్గర కుప్పకూలినవాళ్లను మరొక పక్కన పెట్టి ఫాల్కో ఎంపిక చేసుకున్నాడు. ఆ ఎంపిక మనసు తట్టుకోలేనంత కష్టమైనదని నేను ఒప్పుకుంటాను. కానీ దాన్ని విధేయత అని పిలిచి హారతి పట్టడానికి మాత్రం ఒప్పుకోను.

నల్లసిరా

ధర్మమీమాంస మధ్యలో కొంచెం బొమ్మల గురించి మాట్లాడతాను, ఎందుకంటే సున్నపురాయి గారు ఎత్తిన వెలుగు సంగతి ఈ కథకు గుండెకాయ లాంటిది. చక్రవర్తి చీకట్లో ఉంది, దొంగ పాలకుడు వెలుగులో ఉన్నాడు, వాళ్లిద్దరి మధ్య కాంతినే ఆయుధంగా చేసుకున్న యోధుడు నలిగిపోతున్నాడు. గెంతో కోకెన్ యోధుల బిరుదులన్నీ రంగుల కాంతులే. షోకిది ఎరుపు, సోరియాది ఊదా, ఫాల్కోది బంగారం.

హారా చేతిలో ఉన్నది నల్లసిరా, తెల్లకాగితం మాత్రమే. ఫాల్కో చేతి నుంచి వెలువడే కాంతిని చూపవలసి వచ్చినప్పుడు ఆయన చుట్టూ ఉన్న నీడలను దట్టంగా, దగ్గరదగ్గర గీతలతో నింపి, కాంతి ఉన్నచోట కాగితాన్ని కాగితంగానే వదిలేస్తాడు. పుటను కొంచెం దూరంగా పట్టుకుని చూస్తే, అన్నిటికంటే తక్కువ సిరా పడిన చోటే అన్నిటికంటే ఎక్కువ బలం కనిపిస్తుంది. కండరాల మీద, ముడతల మీద, కవచపు అంచుల మీద అంత శ్రమపడిన చిత్రకారుడు సరిగ్గా అక్కడ చేయి ఆపుకోవడం చిన్న విషయం కాదు.

తోయె సంస్థ తీసిన అనిమేకు, అంటే టెలివిజన్ యానిమేషన్ ధారావాహికకు, ఆ వెసులుబాటు లేదు. రంగు చూపి తీరాలి. సెల్ అనే బొమ్మ గీసిన పారదర్శక పలక వెనుక నుంచి దీపపు వెలుగు పంపి చిత్రీకరించే ఆనాటి పద్ధతిలో చేతి చుట్టూ కాంతి నిజంగానే మెరుస్తుంది, అది కంటికి ఇంపుగానే ఉంటుంది. అయితే అదే అనిమే రక్తపాతాన్ని టెలివిజన్‌లో చూపడం కుదరక, శరీరాలు పగిలే చోట్ల కూడా నీడ ఆకారాలను, తెల్లటి మెరుపులను వాడుకుంటూ వచ్చింది. వంద భాగాలకు పైగా ఆ మెరుపులకు అలవాటుపడిన ప్రేక్షకుడి కళ్లకు ఫాల్కో కాంతి ప్రత్యేకంగా కనిపించడం కష్టం. మాంగాలో అతడు ప్రవేశించగానే కలిగే కొత్తదనం అనిమేలో సగం తగ్గిపోవడానికి ఇదొక కారణమని నా అంచనా.

వేపచెట్టునీడ

ఉత్తరదిక్కు గారి ప్రశ్నకు, సున్నపురాయి గారి అభ్యంతరానికి కలిపి ఒక జవాబు ప్రయత్నిస్తాను. ఫాల్కో జీవితంలో మెచ్చుకోదగ్గ పనులను వరుసగా పెట్టి చూస్తే, వాటిలో పెద్దది ఒక ఆజ్ఞాభంగం.

తెంతెయ్ స్థానంలో కవలలు పుట్టారు. ఆకాశానికి ఇద్దరు చక్రవర్తులుంటే లోకం రెండుగా చీలుతుంది కనుక ఒక బిడ్డను చంపాలి, ఆ పని ఫాల్కో మీద పడింది. అతడు చంపలేకపోయాడు. ఆ బిడ్డను దూరంగా ఒక ఇంట్లో పెంపకానికి అప్పగించాడు. ఆ బిడ్డే లిన్. మొదటి అధ్యాయంలో, కన్నవాళ్లని తాను నమ్మినవాళ్లు కళ్లముందే హతమవడం చూసి మాట పడిపోయిన చిన్నపిల్లగా, చెరసాలలో ఉన్న కెన్‌షిరోకు నీళ్లిచ్చిన పిల్లగా మనం ముందే చూసిన లిన్. ఇది రచయితకు తరువాత తట్టిన ముడి అని అందరికీ తెలుసు. మొదటి అధ్యాయం రాస్తున్నప్పుడు తెంతెయ్ అన్న ఊహే లేదు. అయినా ఆ ముడి బాగా పడింది. రాజధర్మం చంపమన్న బిడ్డే చివరకు రాజధర్మాన్ని నిలబెట్టడానికి హొకుతో సైన్యంతో తిరిగి వచ్చింది.

ఇక అతడు బుద్ధిగా మాట విన్న సందర్భం చూడండి. రావో వెనుదిరుగుతూ జకోను చంపెయ్యమని ఫాల్కోను హెచ్చరించాడు. వాడి లోపలి విషాన్ని రావో ఒక్క చూపులో పసిగట్టాడు. ఫాల్కో చంపబోయాడు కూడా. కానీ జకోను బిడ్డలా సాకిన తన తల్లి అడ్డుపడి ప్రాధేయపడితే చేయి దించేశాడు. ఆ తరువాత జరిగినదంతా, లూయి చెర, బానిసల చక్రాలు, షోకి మరణం, సోరియా మరణం, ఆ ఒక్క క్షణం నుంచి పుట్టుకొచ్చినవే. ఆజ్ఞ మీరినప్పుడు ఒక ప్రాణం నిలిచింది, కన్నతల్లి మాట విన్నప్పుడు రాజ్యం కూలింది. బురోన్సోన్ ఈ పాత్రను విధేయతకు విగ్రహంగా నిలబెట్టాడని అనుకోవడం పొరపాటు. విధేయత అన్న గుణం ఎంత గుడ్డిదో చూపడానికి, దాన్ని అత్యంత ఉత్తముడైన మనిషి చేతిలో పెట్టి చూశాడు.

పాతసంత

వేపచెట్టునీడ గారి వాదనలో ఒక మెలిక ఉంది. రెండు సందర్భాల్లోనూ ఫాల్కో చేసింది ఒక్కటే, చంపవలసిన చోట చంపలేకపోవడం. లిన్ విషయంలో దాన్ని కరుణ అంటున్నాము, జకో విషయంలో బలహీనత అంటున్నాము. ఫలితం చూసి పేరు మారుస్తున్నాము తప్ప మనిషి మారలేదు.

నన్ను అడిగితే ఆ ఊరి ఘట్టంలో ఫాల్కో కంటే ఆసక్తికరమైనవాడు రావో. లోకాన్ని గుర్రపు డెక్కల కింద తొక్కుతూ వచ్చిన ఆ మనిషి, ఎదుటివాడి నరికిన కాలు చూసి సైన్యాన్ని ఆపడమే కాకుండా, శత్రువుకు మేలు చేసే సలహా కూడా ఇచ్చి వెళ్లాడు. రాజ్యం నడిపినవాడికి రాజ్యాన్ని తినేసే చీడ ఎలా ఉంటుందో తెలుసు. ఫాల్కోకు యుద్ధం తెలుసు, కొలువు తెలియదు. మన చరిత్రలోనూ సేనాపతులకు, మంత్రులకు మధ్య ఉన్న తేడా ఇదే. ఫాల్కో పక్కన ఒక మంచి మంత్రి ఉండి ఉంటే ఈ కథ పది అధ్యాయాల్లో ముగిసేది. (అప్పుడు ఈ చర్చ కూడా ఉండేది కాదు, అది వేరే సంగతి.)

తోకచుక్క

అందరూ ధర్మం గురించి మాట్లాడుతున్నారు, నాకు మాత్రం ఫాల్కోకు జరిగిన అన్యాయం మీద అంతకంటే పెద్ద ఫిర్యాదు ఉంది. రావోకు సమానుడని రిహాకు అనే వృద్ధ వ్యూహకర్త నోట చెప్పించి, కెన్‌షిరోతో హోరాహోరీగా పోరాడించి, ఎవరు గెలుస్తారో తేలకముందే లూయి విడుదలతో ఆ పోరును ఆపారు. అంతవరకు బాగుంది. ఆ తరువాత లిన్‌ను జకో కొడుకు జాస్క్ సముద్రం దాటించి షురా దేశానికి ఎత్తుకుపోతే, ఒళ్లంతా గాయాలతోనే ఫాల్కో వెంటపడ్డాడు. అక్కడ అతణ్ణి నేలకూల్చింది ఎవరు? పేరు కూడా లేని ఒక షురా, అంటే ఆ దేశపు యోధుడు. ఆ దేశంలో మగపిల్లలు పదిహేనేళ్లు వచ్చేలోగా 100 ప్రాణాంతక పోరాటాలు గెలవాలని, బతికి బట్టకట్టేవాళ్లు నూటికి ఒక్కరని, పై మెట్టు ఎక్కినవాళ్లకే సొంత పేరు దక్కుతుందని కథే చెబుతుంది. అంటే అడుగు మెట్టులో ఉన్న అనామకుడు రావో సమానుణ్ణి చిత్తు చేశాడు.

ఇది పాత్ర పట్ల గౌరవం కాదు. కొత్త దేశం ఎంత భయంకరమైనదో చెప్పడానికి పాత వీరుణ్ణి కొలబద్దగా వాడుకోవడం. వారపత్రికల పోరాట కథలన్నిటికీ ఈ జబ్బు ఉంది. ఎన్నాళ్లో శ్రమపడి నిలబెట్టిన వీరుణ్ణి తరువాతి అంకం కోసం ఒక్క వారంలో చిల్లర చేస్తారు.

ఉత్తరదిక్కు

తోకచుక్క గారి కోపం న్యాయమైనదే, కానీ కొన్ని విషయాలు కలిపి చూడాలి. ఈ కథను రావోతోనే ముగించాలని మొదట అనుకున్నారని, పత్రిక కోరడంతో కొనసాగించారని బాగా తెలిసిన సంగతే. 1988 వరకు, మొత్తం 245 అధ్యాయాలు, 27 సంపుటాలుగా సాగింది. రావో అంతటి శిఖరం తరువాత మళ్లీ ఎక్కడానికి కొండ కావాలి. తెంతెయ్ భాగం ఒక కొండ, షురా దేశం దాని మీద పెట్టిన మరొక కొండ. రెంటి మధ్య నలిగినవాడు ఫాల్కో. ఆ ఇరుకు కథలో స్పష్టంగా కనిపిస్తుందన్న మాట నిజం.

అయినప్పటికీ ఆ ఓటమిలో నాకు అవమానం కనిపించదు. అక్కడికి చేరేసరికి ఫాల్కో ఎలా ఉన్నాడో చూడండి. కుడి కాలు కృత్రిమమైనది. కెన్‌షిరోతో జరిగిన పోరులో తగిలిన గాయాలు మానలేదు. మానేదాకా ఆగమని ఎవరైనా అంటారు, ఆగి ఉంటే బతికేవాడు కూడా. కానీ ఒకప్పుడు తన చేతులతో ప్రాణం నిలిపిన బిడ్డను ఇప్పుడు ఎత్తుకుపోయారు. ఇక్కడ అతణ్ణి ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ బెదిరించలేదు. వేపచెట్టునీడ గారు గుడ్డి విధేయత అన్నారు కదా, సముద్రం దాటిన ఫాల్కోది మాత్రం కళ్లు తెరిచి చేసిన పని.

చివరి ఘట్టం సంగతి కూడా చెప్పాలి. ఆలస్యంగా చేరిన కెన్‌షిరో, చావు అంచున ఉన్న ఫాల్కో శరీరం మీద సెత్సుకాత్సుకో అనే మర్మస్థానాన్ని తాకుతాడు. మిగిలిన ఆయువునంతా ఒక్క క్షణపు బలంగా మార్చి, ఆ వెంటనే ప్రాణం తీసే స్థానమది. జబ్బుతో కృశించిన కెన్‌షిరో సోదరుడు టోకి, రావోతో తలపడేందుకు తన మీద తానే ప్రయోగించుకున్నదీ అదే. పాఠకుడికి టోకి గుర్తుకు రావాలనే రచయిత ఆ స్థానాన్ని ఎంచుకున్నాడు. కెన్‌షిరో తానే ఆ షురాను చంపి ఫాల్కోను పక్కన పడుకోబెట్టి ఉండవచ్చు. అలా చేయకుండా, గెంతో కోకెన్ వారసుడిగా నిలబడి గెలిచి చనిపోయే అవకాశం ఇచ్చాడు. తన సోదరుడికి దక్కిన చావును నిన్నటిదాకా శత్రువుగా నిలిచినవాడికి ఇవ్వడం కంటే పెద్ద గౌరవం ఆ లోకంలో లేదు.

గోదారిగట్టు

విధేయత గురించే అయితే నాంతో అయిదుగురు రథనక్షత్రాలను, అంటే నాంతో వర్గపు అయిదుగురు రక్షక యోధులను, ఫాల్కో పక్కన పెట్టి చూడక తప్పదు. వాళ్లూ ఒక స్త్రీకి, నాంతో చివరి సేనాధిపతి, కెన్‌షిరో ప్రేమించిన మనిషి అయిన యూరియాకు, కట్టుబడినవాళ్లే. ఆమెను కెన్‌షిరో చేరేదాకా రావోను ఆపడం ఒక్కటే వాళ్ల పని. జూజా మేఘంలాంటి మనిషి, ఎవరి మాటా వినడు. అలాంటివాడు ఒక్కసారి ఒప్పుకున్నాక, నిజం కక్కించే మర్మస్థానాన్ని రావో నొక్కినా యూరియా పేరు బయటపెట్టకుండా చనిపోయాడు. ఫూడో అనాథ పిల్లల కోసం నిలబడ్డాడు. రావో అంతటివాడు అతని ముందు భయంతో ఒక అడుగు వెనక్కి వేశాడు.

వాళ్లందరికీ ఒక సౌకర్యం ఉంది. శత్రువు ఎవరో తెలుసు, ఏ దిక్కు నుంచి వస్తాడో తెలుసు, ఎదురు నిలిచి చనిపోతే పని పూర్తయినట్టే. ఫాల్కోకు శత్రువు ఇంట్లోనే ఉన్నాడు, తన తల్లి చేతి అన్నం తిని పెరిగాడు. చనిపోవడానికి కూడా అతనికి వీలు లేదు, ఎందుకంటే తాను పోతే లూయికి దిక్కెవరు? రథనక్షత్రాల కథ ఒక్కొక్కటి ఒకటి రెండు అధ్యాయాల్లో మనసును పిండేస్తుంది. ఫాల్కో కథ అలా పిండదు, చికాకు పెడుతుంది. ఆ చికాకే ఆ పాత్రకు సరైన స్పందన అని నేను అనుకుంటాను.

నల్లసిరా

గోదారిగట్టు గారు చికాకు అన్నందుకు అనిమే గురించి మరొక మాట. మొదటి ధారావాహిక 1984 అక్టోబరు నుంచి 1987 మార్చి వరకు 109 భాగాలు వచ్చింది. మాంగాకు దగ్గరగా వచ్చేయకుండా ఉండడానికి అందులో సాగదీసిన ఘట్టాలు ఎక్కువ. కెన్‌షిరో తొలి పెద్ద ప్రత్యర్థి షిన్‌తో తేలవలసిన కథను 22వ భాగం దాకా లాక్కొచ్చారు. 1987 మార్చిలోనే మొదలైన రెండో ధారావాహిక 43 భాగాలే. అందులోనే తెంతెయ్ కథ, షురా దేశం కథ రెండూ పూర్తి కావాలి. కాబట్టి ఆ సాగతీత ఇక్కడ చాలావరకు లేదు. ఫాల్కోకు అది మేలూ చేసింది, కీడూ చేసింది. పోరాటాలు బిగువుగా ఉన్నాయి. కానీ తలవంచుకుని గడిపిన ఏళ్ల బరువు ప్రేక్షకుడికి తెలియాలంటే కొంత నిదానం కావాలి, ఆ నిదానానికి సమయం చిక్కలేదు. సాగదీయకూడని చోట సాగదీసినవాళ్లు, సాగదీయవలసిన చోటికి వచ్చేసరికి పరుగెత్తారు.

టామ్ క్యాట్ బృందం పాడిన టఫ్ బాయ్ పాట ఆ రెండో ధారావాహికకు ఆరంభగీతం. క్రిస్టల్ కింగ్ పాడిన మొదటి ధారావాహిక పాటలో ఉన్న గుండెకోత ఇందులో లేదు, ఉరకలు వేసే హుషారు ఉంది. పాటగా నాకు చాలా ఇష్టం. కానీ ఆ హుషారు ముగియగానే తెర మీదికి వచ్చే ఫాల్కో ముఖం వేరే కథలోంచి వచ్చినట్టు ఉంటుంది. కెన్‌షిరోకు గొంతునిచ్చిన అకిరా కమియా కూడా ఈ భాగంలో అరుపుల కంటే తక్కువ స్వరంలో చెప్పే మాటల్లోనే ఎక్కువ మెరుస్తాడు. ఫాల్కోను ఎదుర్కొనేటప్పుడు ఆ గొంతులో ద్వేషం ఉండదు. ఎదుటివాడి కళ్లలోని దుఃఖాన్ని చూసి పోరాడే కెన్‌షిరో మాంగాలో మాటల్లో ఉంటాడు, అనిమేలో గొంతులో ఉంటాడు.

తోకచుక్క

ఉత్తరదిక్కు గారి సెత్సుకాత్సుకో వివరణ చాలా బాగుంది. టోకి పోలికతో ఆ ఘట్టానికి విలువ పెరుగుతుందన్న మాటకు అడ్డు చెప్పను. అయినా ఆ షురాకు కనీసం ఒక పేరు ఇచ్చి ఉంటే ఏం పోయేది? గెంతో కోకెన్ యోధుల్లో సోరియా ముందుగా వెళ్లి కెన్‌షిరోతో తలపడి ప్రాణాలిచ్చింది ఎవరి కోసం? ఫాల్కోకు ఆ పోరు భారం తగ్గాలని. ఒక సేనాపతి కోసం అలా చనిపోయే మనుషులు ఉన్నప్పుడు, ఆ సేనాపతి అంతిమ శత్రువు అనామకుడు కావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వేపచెట్టునీడ

సోరియా ప్రస్తావన తెచ్చినందుకు తోకచుక్క గారికి కృతజ్ఞతలు. ఫాల్కో లూయికి బందీ, సోరియా ఫాల్కోకు బందీ, వాళ్లందరి కింద చక్రాలు తిప్పే బానిసలు. విధేయత ఒక మెట్టు నుంచి కింది మెట్టుకు ఇలా దిగుతూ వస్తుంది, ప్రతి మెట్టు దగ్గరా ఒక మంచి మనిషి చచ్చిపోతాడు. మ్యూ సంగతి కూడా మరచిపోకూడదు. ఫాల్కోను ప్రేమించిన ఆమె కడుపులో అతని బిడ్డ ఉండగానే అతడు సముద్రం దాటాడు. లిన్‌ను వెతికి తేవడం ధర్మమే, ఉత్తరదిక్కు గారు చెప్పినట్టు అది కళ్లు తెరిచి చేసినదే కావచ్చు. కానీ తెంతెయ్ వంశానికి కాపలా కాయడానికే పుట్టాననుకున్న మనిషికి, సొంత బిడ్డ దగ్గర ఉండిపోవడం అనే దారి కనిపించను కూడా లేదు. ఒకవేళ కనిపించినా దాన్ని ఎంచుకునే శిక్షణ అతనికి ఎవరూ ఇవ్వలేదు.

పాతసంత

అలా చూస్తే ఏ వీరుడూ మిగలడు. సీతమ్మను వెదకడానికి సముద్రం దాటినవాణ్ణి ఇంటి దగ్గర ఉండిపోలేదేమని ఎవరూ అడగలేదు. ఫాల్కో వెళ్లకపోయి ఉంటే వేపచెట్టునీడ గారే అతణ్ణి కృతఘ్నుడు అని ఉండేవారు.

సున్నపురాయి

అందరి మాటలూ చదివాక నా అభ్యంతరాన్ని మరొక విధంగా చెబుతాను. లూయిని చివరకు చెర నుంచి బయటపడేసింది ఎవరు? గెంతో కోకెన్ వారసుడు కాదు, హొకుతో షిన్‌కెన్ యుద్ధకళ వారసుడు కెన్‌షిరో కూడా కాదు. ఐన్. తలలకు వెల కట్టి వేటాడి పొట్టపోసుకునే మనిషి, బాట్, లిన్ తలల కోసమే ఈ కథలోకి వచ్చినవాడు. తెంతెయ్‌కు అతడు ఏ ప్రమాణమూ చేయలేదు, ఏ రాజవంశం ఉప్పూ తినలేదు. అతనికున్నది అసుకా అనే చిన్న కూతురు, ఆ పిల్ల పెరగబోయే లోకం ఇలా ఉండకూడదన్న ఒక్క ఆలోచన. ఒళ్లు ఛిద్రమైపోతున్నా లెక్కచేయకుండా, ఏ దివ్యశక్తీ లేని మామూలు పిడికిలితో రాజప్రాసాదం అడుగున రాతిని బద్దలుకొట్టి దారి చేసి, అక్కడే ప్రాణం విడిచాడు.

ఏళ్ల తరబడి అదే ప్రాసాదంలో తిరిగిన సేనాపతికి దొరకని దారి, బయటి నుంచి వచ్చిన ఒక కూలి యోధుడికి దొరికింది. ఫాల్కో వెతకలేదని నేను అనడం లేదు. అయితే లూయికి హాని జరుగుతుందేమో అన్న భయం ఉన్నవాడు గోడను బద్దలుకొట్టలేడు. ఐన్‌కు ఆ భయం లేదు. బయటపడిన లూయి గొంతు వినబడిన మరుక్షణమే ఫాల్కో జకోను చంపాడు. అప్పటిదాకా ఆగిన ఆ చేయి ఎంత వేగంగా కదిలిందో చూస్తే, ఆ ఆగిన ఏళ్లన్నీ అతనికి ఎంత నరకమో తెలుస్తుంది. ఆ విషయంలో అతని మీద నాకు జాలి ఉంది. తప్పు లేదని మాత్రం అనలేను.

ఉత్తరదిక్కు

ఐన్‌ను చర్చలోకి తెచ్చి సున్నపురాయి గారు నా ప్రశ్ననే కొంత మార్చేశారు. ఒక్క చిన్న చేర్పు. ఐన్ దారి చేయగలిగిన సమయంలో జకో చూపంతా ఎక్కడుంది? బయట, వాడి కళ్లముందు, ఫాల్కో కెన్‌షిరోతో చావోరేవో తేల్చుకుంటున్నాడు. ఆ పోరు అంత నిజంగా, అంత భయంకరంగా సాగబట్టే జకోకు అడుగున ఏం జరుగుతోందో పట్టలేదు. ఫాల్కో అది తెలిసి చేయలేదు, తన ప్రభువు కోసం ఒక మంచి మనిషిని చంపక తప్పదనుకుని పోరాడాడు. తెలియకుండానే ఆ పోరు ఐన్‌కు కావలసిన సమయాన్ని కొనిపెట్టింది. దీన్ని ఫాల్కో ఖాతాలో వేయాలా, కెన్‌షిరో ఖాతాలో వేయాలా అన్నది మాత్రం గోదారిగట్టు గారు, తోకచుక్క గారు తేల్చాలి. ఈ వాదనలో వారిద్దరూ అసలు మొగ్గనే లేదు.